డాక్టరమ్మ ఫొటో మీద ఎరుపు

ఆఫీసులో ఆమెకు చాటుగా పెట్టిన పేరు చిటపట. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినందుకూ కోపమే. చిన్నప్పుడు వాళ్ళమ్మ, "దీని కోపం ముక్కు మీదే కాపురం పెట్టింది" అనేది. కాలేజీలో ఫిజిక్స్ చదివింది, పెళ్ళయింది, పాప పుట్టింది. కోపం మాత్రం కాపురం మార్చలేదు.

వెబ్‌సైట్లను జనం ఎలా వాడుతున్నారో చూడటం ఆమె పని. పేజీలోకి వచ్చినవాళ్ళు ఎక్కడ నొక్కారో కంప్యూటర్ రంగులు పూసి చూపిస్తుంది. ఎక్కువ నొక్కిన చోట ఎరుపు, కాస్త తగ్గితే పసుపు, ఎవరూ ముట్టుకోని చోట నీలం. దాన్ని హీట్‌మ్యాప్ అంటారు. అది కాక, పేరూ ఊరూ చెప్పకుండా, ఒక్కొక్కరి వేలు తెర మీద ఎలా తిరిగిందో వీడియోలా కూడా చూపిస్తుంది. ఆ వీడియోలు ఆమె తప్ప ఎవరూ చూడరు. రంగుల పటమే అందరికీ ముద్దు.

ప్రతి సోమవారం ఆ పటాన్ని పెద్ద కాగితం మీద ప్రింటు తీసి మీటింగు గది గోడకు అంటిస్తారు. ఎరుపు ఎక్కువున్న పేజీ ఎవరిదైతే వాళ్ళకు చప్పట్లు. ఎరుపంటే జనానికి నచ్చినట్టని అక్కడి నమ్మకం. "రాపిడికి కూడా వేడి పుడుతుంది సార్" అని ఆమె ఒకసారి అంటే, "నీకన్నీ చిటపటే" అని నవ్వేశారు.

ఆ సోమవారం గోడ మీదున్నది ఒక పిల్లల ఆసుపత్రికి వీళ్ళు చేసిచ్చిన సైటు మొదటి పేజీ. నవ్వుతున్న డాక్టరమ్మ ఫొటో, దాని మీద గుండ్రటి డబ్బాలో "ఇప్పుడే రండి" అన్న అక్షరాలు. ఆ డబ్బా బొమ్మలో భాగమే, బటన్ కాదు; నొక్కినా ఏమీ తెరుచుకోదు. అపాయింట్‌మెంట్ తీసుకునే అసలు బటన్ కింద ఓ మూల నక్కి ఉంది. డబ్బా చుట్టూ ఎరుపు భగభగలాడుతోంది. మూలనున్న బటన్ నీలంగా వణుకుతోంది.

"చూశారా, డాక్టరమ్మ మొహం ఎలా వెలిగిపోతోందో!" అన్నాడు మేనేజరు. "ఫొటో రెండింతలు చేసేద్దాం. ఆ బటన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు, ఇంకా కిందికి తోసేయండి. సాయంత్రానికి ఆసుపత్రివాళ్ళకు పంపాలి."

ఆమె నోరు తెరవబోయేంతలో ఫోన్ మోగింది. ఇంట్లో పాపకు తెల్లవారినప్పటి నుంచీ జ్వరం. అదే ఆసుపత్రిలో చూపించమని భర్తకు చెప్పి వచ్చింది. వరండాలోకి పరుగెత్తింది.

"ఏమోయ్, మీ సైటు నాతో ఆడుకుంటోంది" అన్నాడు భర్త. "డాక్టరమ్మ నవ్వుతోంది గానీ లోపలికి రానివ్వట్లేదు."

"ఎక్కడ నొక్కావు?"

"ఇప్పుడే రండి అన్నారు కదా, అక్కడే. నొక్కీ నొక్కీ వేలు అరిగింది. పెద్దది చేసి నొక్కాను. ఫోన్ అడ్డంగా తిప్పి కూడా నొక్కాను."

"అడ్డంగా తిప్పితే ఏమవుతుంది?"

"రిమోట్ పనిచేయకపోతే నువ్వు తట్టవూ? ఇదీ అంతే."

"కిందికి పో. మూలన చిన్న బటన్ ఉంటుంది."

ఫోన్లో పాప ఏడుపు వినిపిస్తోంది. "దొరికింది. ఇవాళ్టికి ఖాళీల్లేవట. ఇందాక ఉండేవేమో."

వెనక నుంచి అత్తగారి గొంతు ఖంగుమంది. "ఆ ఫోను అవతల పారేసి పిల్లనెత్తుకోరా! నేరుగా పోదాం. చూడమంటే చూడరా ఏం?"

"అత్తయ్య చెప్పినట్టు చెయ్యి. బయలుదేరు" అంది ఆమె.

తన సీటుకు వెళ్ళి ఆ ఉదయం వీడియోలు తెరిచింది. ఒకరి వేలు ఫొటో మీద తడుతోంది, తడుతోంది, వెళ్ళిపోయింది. ఇంకొకరిదీ అంతే. మూడోది చూసేసరికి పళ్ళు పటపట కొరుకుతోంది. ఆ తర్వాతి వీడియోలో డాక్టరమ్మ మొహం పెద్దదైంది, వేలు డబ్బాను పొడిచింది, పేజీ మొత్తం ఒక్కసారిగా అడ్డం తిరిగింది. పేరు లేకపోతేనేం, ఆ వేలు ఎవరిదో ఆమెకు చెప్పాలా? అరికాలి మంట నెత్తికెక్కింది.

లాప్‌టాప్ పట్టుకుని మీటింగు గదిలోకి దూసుకెళ్ళి ఆ వీడియోను పెద్ద తెర మీద వేసింది. పేజీ అడ్డం తిరగ్గానే గది ఘొల్లుమంది.

"ఎవడండీ వీడు, ఫోన్‌కి అంగప్రదక్షిణం చేయిస్తున్నాడు!" అన్నాడు ఆ ఫొటో పేజీ చేసిన డిజైనరు.

"గొళ్ళెం అనుకున్నట్టున్నాడు, తిప్పితే వస్తుందని" అన్నాడు మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ.

"మా ఆయన" అంది ఆమె. "ఒళ్ళో జ్వరంతో మా పాప."

నవ్వు ఠక్కున ఆగింది.

"అయ్యో, ముందే చెప్పొద్దూ తల్లీ" అన్నాడు మేనేజరు. "అయినా ఆయన కంగారులో..."

ఆమె ఇంకో వీడియో వేసింది. ఇంకోటి వేసింది. "వీళ్ళంతా మా ఆయనలేనా సార్? తలుపు తెరుచుకోక గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చూసి, మా ఇల్లు చూసి మురిసిపోతున్నాడని చప్పట్లు కొడుతున్నాం. అది ఇష్టం కాదు. తలుపు బాదడం."

"కాదనట్లేదమ్మా. కానీ ఎరుపు పోతే సాయంత్రం వాళ్ళకేం చూపించాలి?"

"ఎరుపే కావాలంటే నా మొహం ఫొటో తీసి పంపండి!"

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మేనేజరు ఆమె మొహం వంక చూసి చూపు తిప్పుకున్నాడు. "ఆ డబ్బానే బటన్ చేసి తగలడండి" అన్నాడు చివరికి.

డిజైనరు పని మొదలుపెడితే ఆమె అతని కుర్చీ వెనకే చేతులు కట్టుకుని నిలబడింది.

"మీరలా నిలబడితే నాకు చేతులాడవు మేడమ్."

"ఆడకపోతే అడ్డంగా తిప్పి చూడు."

మధ్యాహ్నానికి భర్త ఫోన్ చేశాడు. బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాక చూశారట. చెవిలో చీము, మందులిచ్చారు, వచ్చేవారం మళ్ళీ రమ్మన్నారు. ఆమె గోడకు ఆనుకుని ఊపిరి వదిలింది. కోపం మాత్రం ఆ ఊపిరితో పోలేదు. ఫొటోను బాది బాది వెళ్ళిపోయిన మిగతావాళ్ళు పిల్లల్నెత్తుకుని నేరుగా వెళ్ళారో, రేపు చూద్దాంలే అని జ్వరంతో పడుకోబెట్టారో ఏ వీడియోలోనూ కనిపించదు.

మరుసటి సోమవారం గోడ మీద డాక్టరమ్మ ఫొటో వెలవెలబోయింది. ఒక్కసారి నొక్కి జనం లోపలికి వెళ్ళిపోతున్నారు మరి. చప్పట్లు లేవు. "కళ తప్పింది" అని మేనేజరు నిట్టూర్చాడు. ఆమె ఉరిమి చూసింది. ఆయన కాగితం చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం పాపను చంకలో వేసుకుని భర్త ముందు కూర్చుంది. "చెవి మళ్ళీ చూపించాలిగా. నొక్కు."

అతను నొక్కాడు. పేజీ తెరుచుకుంది. నమ్మలేదేమో, రెండో చెయ్యి ఫోన్ అంచు మీదికి పోయింది.

"తిప్పావంటే చూడు!" అంది చిటపట.