మూసిన షట్టరు ముందు ఓబులేసు

మా చిన్నతనంలో మా ఊరి బజారు వీధిలో కిందికి చూడకుండానే నడవగలిగేవాళ్లం... మురుగు కాలువ మీద వరసగా కడప బండలు పరిచి ఉండేవి. ఆ చివర మందుల అంగడి నుంచి ఈ చివర మా నాయన పాత్రల అంగడి దాకా బండలన్నీ ఒకే ఎత్తు. ఎండాకాలం ప్రతి అంగడివాళ్లూ ముందు చప్పరం వేసేవాళ్లు. ఆ నీడలోనే బజారంతా తిరిగి రావచ్చు.

నేనూ ఓబులేసూ బడికి ఆ బండల మీదే పోయేవాళ్లం. వాడికి పసితనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. చంకలో కర్ర. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉండేది... బండల మధ్య గీత తొక్కితే ఔటని ఆట ఆడేవాళ్లం. కర్ర గీత మీద పడితే లెక్కలోకి రాదని రూలు పెట్టిందీ వాడే, రోజూ గెలిచిందీ వాడే.

ఒక దసరాకు గిరాకీ బాగుందని మా నాయన ఇత్తడి బిందెలు బండల మీదికి పేర్చాడు. మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, గుడి నుంచి వస్తూ చూసింది. "ఆ కుంటి పిల్లోడు యాడ నడుస్తాడురా?" అంది, అంతే. నాయన అప్పటికప్పుడే బిందెలన్నీ లోపలికి తీసేశాడు.

నాయన తర్వాత అంగడి నా చేతికొచ్చింది. పక్కాయన ముందుకు జరిగితే నేనూ జరిగాను. బండల మీద మెట్లు కట్టించాను... మెట్ల పక్కన బకెట్లు, డబ్బాలు, ప్లాస్టిక్ కుర్చీలు. మిగిలిన కాస్త చోటులో గిరాకీల బండ్లు. నడిచేవాళ్లు ఆటోల మధ్యకు దిగారు. నాకేమీ అనిపించలేదు. ఊరందరికీ ఒక దారి, నాకొక దారా అనుకున్నాను.

ఓబులేసు ఎక్కడికీ పోలేదు, ఊర్లోనే ఉన్నాడు. పట్టుచీరల మగ్గాలకు వాడే అట్టల మీద డిజైన్లు కొట్టే పని. ధర్మవరం నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. మా అంగడికి మాత్రం రావడం మానేశాడు. అంగడిని కొత్తగా కట్టి, ఇంటికి పోయి మరీ పూజకు పిలిచినా రాలేదు. నాలుగు దుడ్లు చేతిలో ఆడేసరికి స్నేహితులు కనపడడం లేదని నలుగురిలో ఎత్తిపొడిచాను కూడా... ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఈ మధ్య మున్సిపాలిటీవాళ్లు మా ఊర్లో ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. ఆదివారం సాయంత్రం బజారులోకి బండ్లు, ఆటోలు రాకూడదు. ఆ పూట జనం నింపాదిగా నడవాలి. ఒక వారం చూసి, బాగుంటే ప్రతి వారం. అంగళ్లవాళ్లమంతా కూర్చున్నాం. అందరికంటే ఎక్కువ అరిచింది నేనే. బండి ఆగకపోతే బేరం యాడుంటాది అన్నాను. ఆ ఆదివారం అందరం షట్టర్లు దించేయాలని నిర్ణయించాం.

షట్టరు దించి పైన మా ఇంటి కిటికీ పక్కన నిలబడ్డాను... అంగళ్లు లేని బజారుకు ఎవరొస్తారులే అని. వచ్చారు. పిల్లలు వీధి మధ్యలో పరుగెత్తుతున్నారు. ఆడవాళ్లు చేతులు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు. పీపీలమ్మేవాడు మా అంగడి ముందే నిలబడి ఊదుతున్నాడు. హారన్లు లేకుండా మా వీధిని చూసి ఎన్నేళ్లయిందో.

అప్పుడు కనపడ్డాడు ఓబులేసు. తల నెరిసింది. పక్కన భార్య. కర్ర ఆనించుకుంటూ, ఆగి ఆగి, నేరుగా నా మెట్ల ముందుకే వచ్చాడు. షట్టరు వైపు కాసేపు చూసి ఫోను తీశాడు. నా చేతిలో ఫోను మోగింది.

"అంగడి మూసినావేమప్పా? ఈ పొద్దు బండ్లు లేవని నడుచుకుంటా నీ కాడికొస్తి."

"అనంతపురంలో ఉండానప్పా," అన్నాను.

ఎందుకలా అన్నానో... దిగిపోతే పక్క అంగళ్లవాళ్లు నవ్వుతారని భయం. వాడి ముఖం చూడలేనని ఇంకో భయం. సరేలే, వచ్చే వారం వస్తాలే అని వాడు తిరిగిపోయాడు. ఆ కర్ర వీధి మలుపు దాటేదాకా కిటికీ దగ్గరే ఉన్నాను.

వచ్చే వారం లేదు... మా గొడవకు ఆ ఏర్పాటు ఆపేశారు. మేం గెలిచాం. నాకు శాలువా కప్పి ఫోటో తీశారు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారగానే ఓబులేసు ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాడు అట్ట మీద నుంచి తలెత్తలేదు.

"తెలుసప్పా. పీపీ సద్దు నా చెవిలోనూ ఫోన్లోనూ ఒగటేతూరి ఇనపడె," అన్నాడు. అట్ట మీద ఇంకో చిల్లు కొట్టి, "నీ పూజకు గూడా వస్తి. వీధి మొదట్లో ఆటో దిగితి. బండ్ల నడుమ దోవ దొరకలే. తిరుక్కోని పోతి," అన్నాడు.

ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. నేనెప్పుడు అడిగాను గనుక... రోజూ నా బండి మీద తీసుకుపోతాను రమ్మన్నాను. వాడు నవ్వేశాడు. బండ్లు ఎక్కువైనందుకే కదా రానిది, ఇంకొక బండి ఎందుకన్నాడు. ఆ పొద్దు వాడింటి నుంచి అంగడి దాకా నడిచే వచ్చాను, నా మెట్ల ముందు నేనే ఆటోల మధ్యకు దిగాల్సి వచ్చింది.

ఆ వారమే మెట్లు పగలగొట్టించాను. సామాన్లన్నీ లోపలికి పెట్టాను. ఏం లాభం... ఖాళీ అయిన చోట ఎవరో ఒకరు బండి పెట్టి పోతున్నారు. అటూ ఇటూ అంగళ్ల ముందు ఎప్పటిలాగే ఉంది. ఆ ఆదివారాలు మళ్లీ మొదలుపెట్టమని మనమే అడుగుదామని అంగళ్లవాళ్ల దగ్గరికి పోతే, శాలువా కప్పించుకున్నోడివి నువ్వే కదా అని నవ్వారు. అయినా అడగడం మానను.

మీ గడపకు రావడం మానేసినవాళ్లు మీకూ ఎవరో ఒకరు ఉంటారు... పొగరు అనుకునే ముందు, వాళ్లింటి నుంచి మీ దగ్గరికి ఒకసారి నడిచి చూడండి. దోవ ఉందో లేదో ఇక్కడ రాయండి. నేను నడిచి చూసేసరికి చాలా ఆలస్యమైంది.