మోటరు బందయిందా

బస్సెక్కిన జగన్మోహన్‌రావుకు కండక్టరు సుల్తానాబాద్ దాటి టికెట్టు కొట్టడు. కొట్టినా దండగే. ఇంజను గుర్రుమనగానే రావుగారికి తన బావి మీది కరెంటు మోటరు గుర్తొస్తుంది. బంద్ చేశానో లేదోనని నుదుట చెమట పడుతుంది. బొటనవేలితో గాలిలో ఎర్ర బటన్ నొక్కి చూసుకుంటాడు. అయినా మనసు ఆగదు. సుల్తానాబాద్‌లో దిగి, రెండు కోసులు వెనక్కి నడిచి, అసలు బటన్ నొక్కి వస్తాడు. ఈ తిరుగుడులో మేనకోడలి పెళ్లి తప్పింది. కరీంనగర్ నరాల డాక్టరును చూడబోయి మూడుసార్లూ సగం దారిలోనే దిగాడు. నాలుగోసారి ఆయన భార్య సరళాదేవి స్టార్టర్ ఫ్యూజులు మూడూ పీకి ఆయన లాల్చీ జేబులో వేసింది. "ఇగ మోటరు ఎట్ల నడుస్తదో నేను గూడ చూస్త. పోయిరాండ్రి."

ఆరోజు ఆయన జేబు తడుముకుంటూ కరీంనగర్ దాకా పోతే కండక్టరే పరేషానయ్యాడు. డాక్టరు అంతా విని, "బందయిందని మీ కన్ను చూస్తున్నది గని, మెదడు ఒప్పుకుంటలేదు. మోటరు మీ తలకాయ లోపల నడుస్తనే ఉన్నది" అన్నాడు. "మరి దాని ఫ్యూజులు యాడుంటయి సారూ?" అన్నాడు రావు. డాక్టరు మాత్రలు రాశాడు. ఆ మాత్రలు అల్మారాలోనే ఉన్నాయి. రావు మాత్రం దర్జాగా బస్సుల్లో తిరుగుతున్నాడు. పదిరోజులకు సరళాదేవి నెర్రెలిచ్చిన మడి చూసొచ్చి చెయ్యి చాపింది. "ఫ్యూజులియ్యిండ్రి. వరి ఎండిపోతున్నది." రావు జేబు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎండితె ఎండనియ్యి. మోటరైతే బందున్నది గద."