పెద్దాయన చూస్తాడని దాచిన జెర్సీ

ఈ దేశపు అధ్యక్షుడికి ఆటలంటే ప్రాణమని నాకు చెప్పింది మనవరాలు. హిందూపురం నుంచి సిటీవెస్ట్‌లో కొడుకు అపార్ట్‌మెంటుకు నేను వచ్చిన తొలి వేసవిలో, ఒక ఆదివారం టీవీ ముందు కూర్చోబెట్టింది. చివర వెడల్పుగా ఉన్న కర్రలతో బంతిని బాదే ఈ దేశపు సొంత ఆట, హర్లింగ్ అంటారు. వాన పడుతోంది. ఆట మొదలయ్యే ముందు ఒక ముసలాయన మైదానంలోకి నడిచి వచ్చాడు, ఆయనే అధ్యక్షుడట. వరసగా నిలబడ్డ ఆటగాళ్లందరికీ చేయి కలిపి, మళ్లీ పైకెక్కి తన కుర్చీలో కూర్చున్నాడు.

“ఏమే, దేశాన్ని ఏలేటోనికి ఇంగేం పన్లేదా?” అన్నాను.

“హీ లవ్స్ ఇట్, జేజీ. ఎండ్ దాకా ఉంటాడు చూడు.”

“ఉంటాడులే. ఒక దండ ఏపించుకోని కారెక్కుతాడు.”

మా హిందూపురం వైపు బడి ఆటలకు వచ్చే పెద్దమనుషులను చూసినదాన్ని. బంతి కదలకముందే వాళ్ల జీపు కదిలేది. ఈయన మాత్రం చివరి విజిల్ దాకా కదల్లేదు. పక్కవాళ్లకన్నా ముందే లేచి చప్పట్లు కొట్టాడు. నా చదువు మూడో తరగతితో ఆగింది. ఆట లెక్కలు నాకు తెలియలేదు గానీ, ఎదుటివాళ్ల కష్టాన్ని కూర్చుని చూడటం తెలిసిన మనిషని మాత్రం తెలిసింది.

ఆ పెద్ద స్టేడియంలో ఆట సగమైనప్పుడు, బడిపిల్లలతో కాసేపు ఆడిస్తారు. ప్రైమరీ స్కూలు ఆఖరి తరగతి వాళ్లకే ఆ అదృష్టం. మరుసటి ఏడు ఫైనల్ రోజున ఆడటానికి మా పిల్లను ఎంచారు. ఇల్లంతా గంతులు.

“పెద్దాయన నన్ను చూస్తాడు, జేజీ! బ్రేక్‌లో కూడా లేవడు ఆయన.”

కొడుకు సంబరపడి నీలం జెర్సీ తెచ్చాడు, నన్ను అడగకుండా, సరిగ్గా ఒంటికి పట్టేది. నేనైతే రెండు సైజులు పెద్దది తెచ్చేదాన్ని. కొత్తబట్ట కదా, కాలరు లోపల పసుపు పెట్టి, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అలమరలో మడిచి పెట్టాను.

“ట్రైనింగ్‌కి వేసుకుంటా జేజీ. వన్స్, ఒక్కసారి!”

“బురదలో పొర్లేదానికి కొత్తదెందుకే? పెద్దాయన చూసే దినం తొడుక్కుందువులే.”

అంతలో కరోనా వచ్చింది. బడి మూశారు. నాలా డెబ్బై దాటినవాళ్లు గడప దాటకూడదన్నారు. అలా ఇంట్లోనే ఉండిపోవడానికి పట్టుగూడు అని అర్థమొచ్చే పేరేదో పెట్టారని కొడుకు చెప్పాడు. గూట్లో ఉన్న పురుగును వేన్నీళ్లలో వేయడం చూసినదాన్ని, నాకు ఆ పేరు గిట్టలేదు. పిల్లకు మాత్రం ఒక్కటే బెంగ.

“పెద్దాయన కూడా ఓల్డ్ కదా జేజీ. ఆయన్ని కూడా బయటికి రానివ్వరా?”

వేసవిలో జరగాల్సిన ఫైనల్ చలికాలానికి వాయిదా పడింది. జనం రాకూడదన్నారు, పిల్లల ఆట లేదన్నారు. అప్పటికి మా పిల్ల పెద్దబడికి మారిపోయింది. మరో ఏడాది ఆడిస్తారులే అనడానికి కూడా లేకుండా పోయింది.

ఫైనల్‌ను టీవీలోనే చూశాం. ఖాళీ కుర్చీల మధ్య ఆటగాళ్ల అరుపులు బావిలో మాటల్లా మోగాయి. కెమెరా పైకి తిరిగినప్పుడల్లా పెద్దాయన కోసం వెతికాం. వచ్చాడో లేదో మాకు కనబడలేదు.

ఆట సగమయింది. పిల్ల లేచి ప్రెస్ తెరిచింది. జెర్సీ చంకల్లో పట్టేసింది, నడుము దాకా కూడా రాలేదు. పసుపు మాత్రం అలాగే ఉంది. నేను బట్ట చివర పట్టి కిందికి లాగి చూశాను. కుట్టులో వదలడానికి గుడ్డ లేదు.

“ఇట్స్ గ్రాండ్, జేజీ,” అంది నా ముఖం చూసి. పర్వాలేదు అనడానికి ఇక్కడివాళ్ల మాట అది. కర్ర తీసుకుని వెనకాల గడ్డిలోకి వెళ్లింది.

నేను వంటింటి కుర్చీ మోసుకెళ్లి ఒక వారగా వేసుకున్నాను. సన్నగా వాన మొదలైంది.

“అమ్మా, తడుస్తాండావు! లోపలికి రా,” అని కొడుకు కిటికీలోంచి కేకేశాడు.

“ఉండ్రా, ఆట అయిపోలేదింకా.”

పిల్ల గోడకు బంతి కొట్టి, పరిగెత్తి, మళ్లీ కొట్టింది. ఏది మంచి దెబ్బో నాకు తెలియదు. అందుకే ఒక్కోసారి అంతా అయిపోయాక చప్పట్లు కొట్టాను. పెద్దాయనైతే సరిగ్గా లేవాల్సిన చోట లేచి నిలబడేవాడు.