ఏట్లో చైనుబండి

మొన్న టీవీలో కవాతు వస్తుంటే ఇనుపరేకుల మిలిటరీ బండ్లు వరసగా కదిలాయి. ఇంట్లో అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అలాంటి బండి ఒకటి నేనూ ఎక్కాను, పంతొమ్మిదివందల యాభైల్లో, చోడవరానికి ఏటి అవతలున్న మా ఊళ్ళో. నాకప్పుడు పదహారేళ్ళు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, యుద్ధంలో అలాంటి బండే తోలి వచ్చినవాడు. మా ఊరి చెరుకు కంట్రాక్టరు మిలిటరీ వేలంలో ఒక చైనుబండి కొని, బురదలో దిగబడ్డ చెరుకుబళ్ళను లాగడానికి బావను పెట్టుకున్నాడు. చక్రాల చుట్టూ ఇనుప గొలుసులు, నడుమెత్తు ఇనుప గోడలు, పైన కప్పు లేదు. అసలిది దేనికని అడిగితే బావ, "తుపాకీ గుళ్ళు తగలకుండా ఊళ్ళమ్మట గస్తీ తిరగడానికే. దీన్ని సూస్తే జనం తలుపులేసుకునేవోరు" అన్నాడు. మా ఊళ్ళో గేదెలు కూడా దానికి దారిచ్చేవి కావు.

అక్కకు నొప్పులొచ్చేనాటికి మూడు రోజులుగా వాన. బిడ్డ అడ్డం తిరిగిందనీ, చోడవరం ఆస్పత్రికి తీసుకుపొమ్మనీ మంత్రసాని పొద్దున్నే చేతులెత్తేసింది. ఏరు గట్లు ఒరుసుకుని పారుతోంది. పడవవాడు రానన్నాడు. బావ చైనుబండి తెచ్చి వాకిట్లో ఆపాడు.

"ఈ ఇనపబండి ఏట్లో తేల్తాదేటి బాబూ?" అంది అమ్మ.

"తేల్దత్తా. అడుగు పట్టుకుని నడుస్తాది. ఇంక నాకేటీ తోస్తలేదు."

గోనెసంచుల మీద అక్కను పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మ గట్టుమీదే ఉండిపోయింది. సగం ఏరు దాటాక నీళ్ళు గోడల మీంచి లోపలికి దూకాయి. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అక్కను గోడకి ఆనించి కూర్చోబెట్టి, నేను చెంబుతో తోడుతూనే ఉన్నాను. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అక్క కేకలు మానేసి, "సెల్లీ, నన్నొగ్గీకే" అని, వదిలిపెట్టొద్దన్నట్టు నా మణికట్టు పట్టుకుంది. బావ ఎంత తిప్పినా ఇంజను పలకలేదు. స్టార్టు చేసే ఇనుపకడ్డీని నీళ్ళలోకి విసిరేసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అవతలి గట్టు మనుషులు మోకులు నడుముకు కట్టుకుని వచ్చారు. బావ అక్కను భుజాన వేసుకుని దాటించాడు. ఆస్పత్రిలో అక్క బతికింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల.

ఆ తర్వాత బావ ఏ బండీ తోలలేదు. ఏటి నడుమ ఎంతసేపున్నామన్న మాట వస్తే, పావుగంట అనేవాడు ఆయన. గట్టుమీంచి చూసిన అమ్మ పూటంతా అనేది. నాకు ఎనభై దాటినా ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. అక్కను మాత్రం మేమెవరం ఎప్పుడూ అడగలేదు.