జేబులో ఎనిమిది, గోడమీద పన్నెండు

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో బారులు తీరిన రథాలున్నాయి, కమ్ముకొస్తున్న మేఘముంది, ఆయుధం పనిచేయక కూలబడిన వీరుడున్నాడు. నిజం చెప్పాలంటే అవి పత్తి ట్రాలీలు. వీరుణ్ణి నేను. కూలబడింది ప్లాస్టిక్ కుర్చీలో.

ఆదిలాబాద్ వైపు పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లుకు సి భాషలో ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. గేటు దగ్గర బండి నంబరు కొడితే అది వరుసను గుర్తుపెట్టుకుంటుంది. పత్తిలో తేమ హద్దు లోపల ఉంటే పచ్చదీపం వెలిగిస్తుంది, దాటితే ఎర్రది. పచ్చదీపం పడితేనే బండి కాంటా ఎక్కాలి. కాగితమే అక్కర్లేదని మిల్లువాళ్లకు ఛాతీ విరుచుకుని చెప్పాను కూడా.

తేమ హద్దును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టాను. అంటే ప్రోగ్రాం బయలుదేరేటప్పుడు దాని జేబులో పెట్టి పంపే చీటీ అనుకోండి. బండిబండికీ ఆ చీటీ తీసి చదవడం దండగని, ఒక్కసారే చదివి, అంకెగా మార్చి పక్కన దాచుకునేలా రాశాను. సి భాషలో చీటీ అడిగితే చేతికొచ్చేది విలువ కాదు, అది ఉన్న చోటు మాత్రమే. తర్వాత ప్రోగ్రాంలోనే ఇంకో మూల నుంచి చీటీని మారిస్తే ఆ చోట ఏముంటుందో చెప్పలేం. అందుకే నకలు. వేగం, భద్రత రెండూ కుదిరాయి. పరీక్ష కోసం ఇంట్లో హద్దుగా పెట్టుకున్న ఎనిమిది శాతాన్ని తీసి మిల్లువాళ్లు చెప్పిన పన్నెండు పెట్టడమొక్కటే మరిచిపోయాను. ఒక తప్పును అంత భద్రంగా కాపాడినవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.

మొదటిరోజు మొదటి బండి ఖానాపూర్ దగ్గరి ఒక ముసలామెది. తేమ పదకొండు. ఎర్రదీపం పడింది.

"పన్నెండు దాక తీస్కోవాలె గదా, ఎర్రది ఎట్ల వడ్డది?" అన్నాడు మిల్లు సూపర్‌వైజర్.

చీటీ రాసేది సెట్టింగుల ఫైలు చూసే, అందులో పన్నెండు చేశాను. ఎరుపే. ఆ ఫైలు గోడమీద రాత లాంటిది, దాన్ని మార్చినంత మాత్రాన ఆల్రెడీ నడుస్తున్న ప్రోగ్రాం జేబులో చీటీ మారదని నాకు తెలుసు. తెలిసీ ఇంకో రెండుసార్లు మార్చాను. మనిషన్నాక ఆశ ఉంటుంది.

"బిడ్డా, ట్రాలీ ఆయన వేరే కిరాయి ఉన్నదంటుండు. పత్తి ఈన్నే కుప్ప వోసి పోతడట. మొగులు జూసినవా?" అంది ముసలామె.

చూశాను. మేఘం నా ప్రోగ్రాం కంటే చురుగ్గా పనిచేస్తోంది.

"ఆపి మళ్ల నడిపిస్తే అయిపోతది సార్," అన్నాను. "గని లైన్ మొత్తం దాని మతిలనే ఉన్నది. ఆపితే పోతది."

"లైన్ పోతే ముందుగాల నా నౌకరి పోతది," అన్నాడాయన. బయట ట్రాలీలు జాగా దొరికిన చోటల్లా ఆగి ఉన్నాయి. ఏది ఎవరి వెనకో చూసి చెప్పలేం.

"ఒక్క బండి కోసం అందరి లైన్ తీస్తరా?" అని రెండో బండి రైతు లేచాడు.

ముసలామె వెనక్కి తిరిగింది. "నీ పత్తి ఎండి ఫెళఫెళ అంటున్నదా? నీ బండిమీది మంచు నాకు కనవడ్తలేదనుకున్నవా?"

అతను కూర్చున్నాడు. నేను చదువుకున్నదంతా ఒకసారి గుర్తుచేసుకున్నాను. తొందరగానే అయిపోయింది.

ఆమె మాత్రం గేటు ముందుకు పోయి తన చెప్పులు విడిచి నేలమీద పెట్టింది. "ఎవల ముంగట ఎవలున్నరో మనకెరుక లేదా? పెట్టుండ్రి చెప్పులు."

యూరియా లైన్లలో మనిషి బదులు చెప్పులు నిలబెట్టి అందరికీ అలవాటైన విద్యే. కాసేపట్లో గేటు నుంచి నీళ్ల ట్యాంకు దాకా చెప్పులు బారు తీరాయి. కరెంటు పోయినా చెరగని జ్ఞాపకం.

"నేనేం చెయ్యాలె అవ్వా?"

"నువ్వు చెప్పులు జూడు. కుక్క ఎత్కపోతది."

సూపర్‌వైజర్ ప్రోగ్రాం ఆపి మళ్లీ నడిపించాడు. నేను చెప్పుల వెంట వంగి నడుస్తూ, ఎవరివో అడుగుతూ నంబర్లు అరిచాను. ఆయన వాటిని అదే వరుసలో కంప్యూటర్లో కొట్టాడు. తేమ అదే పదకొండు, ఈసారి పచ్చదీపం. మొదటి చినుకు పడేసరికి ఆమె ట్రాలీ కాంటా దిగి షెడ్డులోకి పోయింది.

చెప్పుల కోసం వచ్చి నన్ను కిందికీ మీదికీ చూసింది. "గిందుకు నీకు జీతమిస్తరా బిడ్డా?"

"ఇస్తరవ్వా."

"మంచిదే," అని చెప్పులు తొడుక్కుని పోయింది.

తేమ హద్దు మార్చిన రోజు ప్రోగ్రాంను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ పని ఇప్పుడు పొద్దున గేటు తెరవకముందే వాచ్‌మన్ చేస్తున్నాడు. మూడు సెకన్లు పడుతుంది.