సూర్యుడికి వేసిన కుట్టు

ముందే ఒప్పేసుకుంటాను. ఆసుపత్రి హాల్లో గుమ్మం పైన ఉన్న రంగుల కిటికీలో సూర్యుడు రెండు ముక్కలు కావడానికి కారణం నేనే. దానికి వాడిన సరంజామా రెండే: ఒక నల్ల స్కెచ్ పెన్ను, నా బుర్ర. పెన్ను అయినా తర్వాత దేనికో పనికొచ్చింది.

ఆ కిటికీ చేసింది మా పెద్దమ్మ. అమ్మకి అక్క. వీధంతా ఆవిణ్ణి కత్తెరమ్మ అంటారు. ఊహ తెలిసినప్పటి నుంచీ బట్టలు కుట్టడమే ఆవిడ పని. ఆసుపత్రిలో నర్సులు వేసుకునే తెల్లకోట్లన్నీ ఆవిడ మిషన్ మీంచి దిగినవే.

"ఇన్ని కుట్టావు కదా పెద్దమ్మా, ఎప్పుడైనా ఎవరైనా బాగుందన్నారా?" అని ఒకసారి అడిగాను.

"బాగుంటే ఎవరూ ఏమీ అనరురా. చంకలో పిగిలితేనే నేను గుర్తొస్తా" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది.

అది తొక్కుడు మిషన్. తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. ఇక తొక్కితే నడక కూడా ఉండదని డాక్టరు భయపెట్టాడు. సరిగ్గా అప్పుడే మా వెనక సందులో ఉండే అద్దాల మేస్త్రి మందపాటి గుడ్డతో ఏప్రన్లు కుట్టించుకున్నాడు. మేస్త్రి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గట్టిగా మాట్లాడితే పక్కనున్న పలక పగులుతుందేమో అన్నట్టు మెల్లగా మాట్లాడతాడు. ఆయన పని రంగుల గాజు ముక్కలు పేర్చి, మధ్యలో సీసపు పట్టీలు వేసి కిటికీలు చెయ్యడం. ఏప్రన్లు ఇవ్వడానికి పెద్దమ్మ ఆయన షెడ్డుకి వెళ్లింది. తోడు నేనూ వెళ్లాను.

నేల మీద చూస్తే ఎరుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలు కుప్పగా ఉన్నాయి.

"ఈ పీలికలన్నీ పారేస్తారా మేస్త్రిగారూ?"

"పీలికలు కాదమ్మా, పెంకులు. గుచ్చుకుంటాయి, జాగ్రత్త."

"మా కొట్లో ఇంత రంగు ముక్క దొరికితే జేబుకి పనికొస్తుందని దాచుకుంటాం" అంటూ ఒక ఎర్ర ముక్క తీసి వెలుతురుకి అడ్డం పెట్టింది. ఆవిడ ముఖం సగం ఎర్రగా మారిపోయింది. ఎంతసేపటికీ ఆ ముక్క కింద పెట్టదే. నాకు కాళ్లు పీకి, మెట్టు మీద కూలబడ్డాను. మర్నాడు ఆవిడ ఒక ఏప్రన్ ఎక్కువ కుట్టింది. ఎవరికని అడిగితే, "నాకే" అంది.

అమ్మ మాత్రం నెత్తి కొట్టుకుంది. "ఈ వయసులో గాజుతో ఆటలెందుకే అక్కా, చేతులు తెగుతాయి."

"ఇన్నాళ్లూ సూది ఏమన్నా ముద్దు పెట్టుకుందా?" అంది పెద్దమ్మ, సూది పోట్లకి కాయ కాచిన బొటనవేలు చూపించి.

గాజు కోయడం అంటారు గానీ, నిజానికి గాజుని ఎవరూ కోయరు. కొసన చిన్న చక్రం ఉన్న కలం లాంటి కట్టరుతో ఒకే ఒక్క గీత గీస్తారు. తర్వాత రెండు చేతులా పట్టుకుని ఆ గీత వెంట విరుస్తారు. పెద్దమ్మ మొదట్లో కత్తెర నొక్కినట్టు నొక్కేది. పలక దాని ఇష్టమొచ్చిన దారిలో పగిలేది.

"నొక్కకమ్మా. చెవి పెట్టు" అన్నాడు మేస్త్రి.

గీత సరిగ్గా పడితే సన్నగా చర్‌ర్‌మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినగానే పెద్దమ్మ కళ్లు మెరిశాయి. తానులోంచి బట్ట చించేటప్పుడు అంచున చిన్న గాటు పెట్టి లాగితే వచ్చే చప్పుడు కూడా అదే. ఇక ఆ రోజు నుంచి గాజు ఆవిడ మాట వినడం మొదలెట్టింది. నేనూ ఊరుకోలేదు. ఫోన్లో వీడియోలు చూసి అన్నీ నేర్చేసుకునే రకాన్ని కదా. మేస్త్రి చూడకుండా ఒక పలక విరిచాను. ఆయన ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ దేశం పటం బాబూ?" అన్నాడు.

పెద్దమ్మ మొదటి కిటికీ ఇంకా పెద్ద తమాషా. బొమ్మ గీసి, కాగితం ముక్కలుగా కత్తిరించి, ఆ కాగితాల ప్రకారం గాజు కోసింది. ప్రతి ముక్కా ముచ్చటగా ఉంది. తీరా సీసపు పట్టీల్లో పేర్చాక చూస్తే కిటికీ చట్రంలో పట్టదు. ఇటు తోస్తే అటు బయటికొస్తుంది. మేస్త్రి ఒక్కో ముక్కా కొలిచి, చివరికి పెద్దమ్మ వైపు చూశాడు.

"అమ్మా, ప్రతి దానికీ చుట్టూ కొంచెం ఎక్కువ వదిలావు. ఎందుకు?"

"కుట్టుకి వదలాలి కదండీ. రేపు లూజు చేయాల్సి వస్తే?"

మేస్త్రి నవ్వడం నేను మొదటిసారి చూశాను. "పిల్లలు ఎదుగుతారమ్మా. కిటికీ ఎదగదు. సీసపు పట్టీ నడుమ సన్నటి గోడ లాంటిది ఉంటుంది, రెండు ముక్కల మధ్య దానికి చోటు కావాలి. మీరు బట్టకి వదిలేది మేం గాజుకి తగ్గిస్తాం."

ఇన్నేళ్ల అలవాటుని తిరగేయడం మాటలు కాదు. కాగితం కత్తిరించేటప్పుడు పక్కనుంచి చూస్తే, వేళ్లు బయటికి పోబోయి ఆగి లోపలికి రావడం కనపడేది. మొండి ఎద్దుని ముకుతాడుతో తిప్పుతున్నట్టు తన చేతిని తనే తిప్పుకునేది. రెండో కిటికీ చట్రంలో టక్కున కూర్చుంది.

అప్పుడే ఆసుపత్రి పని వచ్చింది. హాలు బాగుచేశారు, గుమ్మం పైన ఖాళీలో రంగుల కిటికీ కావాలన్నారు. మేస్త్రి చాలాసేపు గడ్డం గోక్కుని పెద్దమ్మని పిలిచాడు.

"ఇది నువ్వు చెయ్యమ్మా. కానీ ముందే చెప్తున్నా. గోడలో పెట్టేటప్పుడు ఒక్క ముక్క చీలినా దింపేసి నేను చేసింది పెడతాను. వాళ్లు నన్ను నమ్మి ఇచ్చారు."

"పెట్టండి" అంది పెద్దమ్మ. ఇంటికొచ్చే దారిలో మాత్రం నా భుజం పట్టుకుని నడిచింది. "ఆ నర్సులందరూ తలెత్తి చూసే చోటురా అది. ఇన్నాళ్లూ నా పని చూడాలంటే కోటు తిరగేసి చూడాల్సి వచ్చేది."

బొమ్మ తనే వేసింది. కింద నీళ్లు, నీళ్లలో పొడుగు మెడ తెల్లపిట్ట, వెనక పెద్ద సూర్యుడు. పిట్ట మెడా తలా సూర్యుడి నడుముదాకా చొచ్చుకుపోయి ఉంటాయి. అంటే, సూర్యుణ్ణి ఒకే ముక్కలో కోస్తే దానికి కింద నుంచి లోతైన వంపు పెట్టాలి. అలాంటి పసుపు పలక షెడ్డులో ఒక్కటే మిగిలింది, తేనె రంగుది.

మేస్త్రి బొమ్మ చూసి తల అడ్డంగా ఊపాడు. "సూర్యుణ్ణి రెండు చెయ్యి. పిట్ట నెత్తి దగ్గర్నుంచి పైకి ఒక పట్టీ వెయ్యి. అంత లోతు వంపు నిలవదు."

"ఎక్కడైనా సూర్యుడికి కుట్టు వేస్తారా మేస్త్రిగారూ?" అంది పెద్దమ్మ. "చొక్కా చంకకి ఇంతకన్నా లోతు వంపు కోశాను, ఒక్క గుడ్డలో."

"అది గుడ్డమ్మా."

"ఇదీ వింటుంది."

వింది కూడా. వంపుని ఒక్కసారిగా కోయకుండా గోరంత గోరంతగా కొరుకుతూ, పట్కారుతో పెచ్చులు తీస్తూ, తడి రాయి మీద అరగదీస్తూ, రోజుల తరబడి చేసింది. పూర్తయ్యాక పైకెత్తితే షెడ్డు గోడ మీద పసుపు వెలుగు పడింది. మేస్త్రి చుట్టూ తిరిగి చూశాడు.

"కోశావు. ఒప్పుకున్నా. కోయడం వేరు, నిలవడం వేరు."

"నిలుస్తుంది" అంది పెద్దమ్మ, గడ్డం పైకెత్తి.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వచ్చి ఆ సూర్యుణ్ణి చేతిలోకి తీసుకునేది. వంపు లోపల బొటనవేలితో నిమిరేది. నిమిరి నిమిరి బల్ల మీద పెట్టేది. మురిసిపోతోంది అనుకున్నాను. ఇంత మురిపెం ఒంటికి మంచిది కాదు, కొంచెం దించుదాం అనిపించింది. నా వేషాలన్నీ ఇలాగే సదుద్దేశంతో మొదలవుతాయి.

ఆ పొద్దున మేస్త్రి చట్రం కొలతలకి ఆసుపత్రికి వెళ్లాడు. నేను పెద్దమ్మ కన్నా ముందు షెడ్డుకి చేరి, సన్న మొన స్కెచ్ పెన్నుతో సూర్యుడి మీద పగులు గీశాను. మామూలుగా కాదు, వంకర్లు, పాయలతో సహా. తలుపు చాటున నిలబడి బుగ్గల నిండా నవ్వు పట్టుకుని ఉన్నాను. పెద్దమ్మ వచ్చింది. చూసింది. గోటితో గీత మీద తడిమింది. కేక లేదు, ఏడుపు లేదు. సూర్యుణ్ణి ఎత్తి, వంపు లోపల మళ్లీ వేలు పెట్టింది.

"ఒరేయ్, తలుపు వెనక ఉన్నది నువ్వేనా? పోయి లప్పం డబ్బా పట్రా."

తెచ్చి ఇచ్చేటప్పుడు చెప్దాంలే అనుకుని పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి సూర్యుడు బల్ల మీద రెండు ముక్కలై ఉన్నాడు. పెద్దమ్మ తడి రాయి మీద ఒక ముక్క అంచు అరగదీస్తోంది, పట్టీకి చోటు కోసం. బుగ్గల్లోని నవ్వు కడుపులోకి జారి రాయిలా కూర్చుంది. ఆ రంగు పలక ఇంకోటి లేదు. చెప్పాలని నోరు తెరిచాను. తీరా డబ్బా అందించి, చీపురు పట్టుకుని పెచ్చులు ఊడ్చాను.

మేస్త్రి వచ్చి చూశాడు. "ఏమైందమ్మా?"

"ఇక దాన్ని నమ్మలేకపోయానండీ. రెండు చేశాను."

ముందే చెప్పానుగా అనొచ్చు ఆయన. అనలేదు. టంకం వేసే ఐరన్ వేడెక్కించి ఆవిడ చేతికిచ్చాడు.

టంకం వెయ్యడంలో మా పెద్దమ్మని చూసి తీరాలి. పట్టీలు కలిసే చోట బ్రష్షుతో రుద్ది, టంకం అంటుకోవడానికి జిడ్డు ముద్ద రాసి, ఐరన్ మొన తాకించి ఒక్క చుక్క. చుక్క కరిగి, మెరిసి, పరుచుకుంటుంది. కాజా కుట్టినంత నీటుగా ఉంటుంది. ముందు వైపు అయ్యాక తిప్పి వెనక వైపు. ఎవరూ చూడని వెనక వైపు కూడా ముందు వైపులాగే ఉంది. కోట్లు కుట్టిన చెయ్యి కదా. ఆ తర్వాత పట్టీల సందుల్లో లప్పం కూరి, రంపపుపొట్టుతో రుద్ది శుభ్రం చేసింది. కింద మూలన చిన్న గుండ్రటి ముక్క పెట్టి, దాని మీద రెండు టంకం చుక్కలు వేసింది. చొక్కా గుండీ. అది ఆవిడ సంతకం.

కిటికీ పెట్టే రోజు, నిద్రపోతున్న పిల్లాణ్ణి మోసినట్టు నిలువుగా మోసుకెళ్లాం. పడుకోబెడితే దాని బరువుకి అదే వంగుతుందట. వడ్రంగి చట్రం బిగిస్తున్నాడు. ఒక మూల బిగుతుగా ఉండి దిగలేదు. మేస్త్రి వద్దనే లోపే వడ్రంగి చెక్క మేకు మీద సుత్తితో ఒక్కటిచ్చాడు. కిటికీ మొత్తం జలదరించింది. టిక్కుమంది.

హాల్లో అందరూ బిగుసుకుపోయారు. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. మేస్త్రి నిచ్చెన ఎక్కి ముక్క ముక్కా తడిమాడు. నీళ్లు, పిట్ట, సూర్యుడి కుడి సగం, ఎడమ సగం. నడుమ పట్టీ దగ్గర వేలు ఆగింది.

"చెక్క చప్పుడు" అన్నాడు పైనుంచే. "గాజుకి ఏం కాలేదు. సీసం వంగింది, దెబ్బ అది తీసుకుంది. ఈ పట్టీ లేకపోతే సూర్యుడు ఈపాటికి నా చేతిలో ఉండేవాడు." నిచ్చెన దిగి, "ఇది ఇక్కడే ఉంటుందమ్మా" అన్నాడు మెల్లగా.

పెద్ద నర్సు తలెత్తి చూసింది. మిగతా నర్సులూ ఎత్తారు. వాళ్ల తెల్లకోట్ల మీద పసుపు పడింది.

"ఆ పిట్ట నెత్తి మీది పట్టీ, జుట్టు గాలికి పైకి లేచినట్టు ఎంత బాగుందో. ఎవరిదండీ పని?" అందామె మేస్త్రితో.

మేస్త్రి పక్కకి తప్పుకున్నాడు. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి మర్చిపోయి నిటారుగా నిలబడింది. "నాదే. మీ కోటు కూడా నాదే."

అందరికీ వినపడేలా మా పెద్దమ్మే అని అరవాలనిపించింది. దాంతోపాటే కడుపులో రాయీ కదిలింది. జనం పలచబడ్డాక ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఆ రోజు సూర్యుడి మీద ఉన్నది పగులు కాదు. నేనే గీశాను, పెన్నుతో."

"తెలుసు."

"తెలుసా?"

"పగులైతే గోరుకి తగలదట్రా? పైగా ఏ గాజూ అంత సోకుగా పగలదు."

"మరి తెలిసీ ఎందుకు కోశావు?"

"వంపు లోపల, పిట్ట నెత్తి దగ్గర, నువ్వుగింజంత పెచ్చు లేచింది. రోజూ వేలికి తగులుతూనే ఉంది. అక్కణ్ణుంచే చీలుతుందని తెలుసు. సూర్యుడికి కుట్టు వేస్తారా అని అంత పొగరుగా అన్నాక, మళ్లీ ఏ ముఖం పెట్టుకుని వెయ్యను? నీ గీత చూశాక అనిపించింది, ఇది నిజమై గోడ మీద కనపడితే ఏం చేస్తావే అని. అంతే, కట్టరు తీశా."

కడుపులో రాయి కరిగిపోయింది. ఆ ఖాళీలోకి వెంటనే గాలి ఎక్కింది. "అంటే ఆ జుట్టు నేను గీసిందేనన్నమాట. కిటికీలో నాకూ వాటా ఉన్నట్టే కదా."

పెద్దమ్మ తల తిప్పి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది.

"నువ్వు గీసింది ముక్కు దగ్గర్నుంచి పక్కకి. నేను కోసింది నెత్తి మీంచి పైకి. కళ్లుంటే ఒకసారి తలెత్తి చూడు. నీ గీత ఉమ్మి పెట్టి తుడిచేశా. తుడిచిన గుడ్డ షెడ్డులో మేకుకి వేలాడుతోంది, పోయి తెచ్చుకో. నీ వాటా అదే."