గోడ ఆపడానికి భిలాయి వెళ్ళాను

అందరూ భిలాయి ఎందుకు వెళతారో తెలియదు కానీ, నేను మాత్రం ఒక గోడ ఆపడానికి వెళ్ళాను. విశాఖలో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి, మా బంధువుల్లో ఎవరింట్లోకి నీళ్ళొచ్చినా ముందు నా ఫోనే మోగుతుంది. ఈసారి పిన్ని. "మీ బాబాయి పెరట్లో గోడ కట్టించేత్తన్నారే. నువ్వొచ్చి సెప్తే ఇంటారు. నా మాటకైతే ఆయనకి చెవుడు," అంది. వానలు పడకముందే వెళ్ళాలని ఆ వారమే బయల్దేరాను.

విశాఖలో రాత్రి రైలెక్కితే పొద్దున్నే రాయపూర్. అక్కడ లోకల్ మారితే గంటలోపే భిలాయి పవర్ హౌస్ స్టేషన్, టికెట్టు టీ ఖర్చంత. బయట బండి మీద వేడి పోహా, పక్కన జిలేబీ తినకుండా కదలకండి. ఆటో అబ్బాయి తెలుగులో మొదలుపెట్టి రెండో మాటకే హిందీలోకి జారిపోయాడు. "హథ్‌ఖోజ్ దాటాక నాలా పక్కనా దీదీ? ఇప్పుడైతే చలో. బారిష్ పడితే డబల్ ఇచ్చినా రాను," అన్నాడు. నూట యాభైకి కుదిరింది. నాలా అంటే అక్కడి వాగు. ఆ రోజు మేకపిల్ల కూడా దాటేలా ఉంది.

బాబాయి స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. సెక్టర్ 7 క్వార్టర్లో ఉన్నంతకాలం కాలవ పూడినా, కప్పు కారినా ఒక్క మాట చెబితే మనుషులొచ్చి బాగుచేసి పోయేవారు. ఆ అలవాటులో, సొంతిల్లు కొనేటప్పుడు నీళ్ళు ఎటు పోతాయో చూసుకోవాలని తట్టనే లేదు. టౌన్‌షిప్పు మనుషులు మాత్రమే చేయగల పొరపాటిది. మండుటెండల్లో కొన్నాడు. వెనక పల్లపు పెరడు చూసి గాలి బాగా ఆడుతుందని మురిసిపోయాడు. తీరా చూస్తే అది వాగు పొంగినప్పుడు పరుచుకునే చోటు. నిరుడు అక్కడా చాలక వంటింట్లోకొచ్చింది.

నేను వెళ్ళేసరికి పక్కింటి దులారీ దీదీ వేడి ఫరా తెచ్చింది. బియ్యప్పిండితో చేసే ఆవిరి కుడుములు. నిరుడు నీళ్ళలో పిన్ని కుట్టుమిషన్‌ని మెరక మీదికి మోసుకెళ్ళింది ఈవిడే. ఆవిడది మట్టిగోడల ఇల్లు, మా వాళ్ళ పెరటికి ఆనుకుని ఇంకా పల్లంలో ఉంది.

ఆవిడ వెళ్ళాక టీ తాగుతూ బాబాయి తన మామూలు పాట ఎత్తుకున్నాడు. "సర్వీసంతా తర్వాతి షిఫ్టు రిలీవర్ రాకండా ఒక్కనాడు గేటు దాటలేదే. మన షిఫ్టులో పాడైంది అవతలోడి నెత్తిన పడేసి రాలేదు."

ఆ గర్వం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమే. తర్వాత అసలు సంగతికొచ్చాడు. పెరడంతా ప్లాంటులో ఇనుము తీయగా మిగిలే స్లాగు రాళ్ళతో ఎత్తు చేసి, చుట్టూ గోడ లేపుతాడట. మధ్యాహ్నం ట్రాక్టరు వస్తుంది.

"మరి ఆ నీళ్ళు ఎటు పోతాయి బాబాయ్?"

"దిగువకి పోతాయి. ఏటి, దులారీ ఆళ్ళని కూడా ఇన్సూరెన్సు సేయించుకోమను. నువ్వే రాసియ్యి."

"మట్టిగోడల ఇంటికి చాలా పాలసీలు వర్తించవు. మీ ఇల్లు మునిగితే ఎంతోకొంత వస్తుంది. దీదీ గోడ నానితే కూలడమే."

పిన్ని గిన్నె కింద పెట్టింది. "ఏటండీ, వాగు మన షిఫ్టులో వచ్చినాది. దులారీ నెత్తిన పడేసి గేటు దాటేత్తారా?"

నాకైతే పిన్నిని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ట్రాక్టరు వచ్చింది. ఎక్కడ పోయమంటారని డ్రైవరు అడిగితే, "వాపస్ లే జావో," అని తిప్పి పంపేశాడు బాబాయి. గోడకని తెప్పించిన ఇటుకలు మాత్రం ఉంచాడు. సాయంత్రానికల్లా మేస్త్రీ మా వాళ్ళ వంటింట్లో నడుమెత్తు దిమ్మె ఒకటి లేపాడు, ఫ్రిజ్జుకీ బియ్యానికీ. మర్నాడు అలాంటిదే దులారీ దీదీ ఇంట్లో, కాస్త పొడుగ్గా. తర్వాత బాబాయి పార పట్టుకుని, పెరట్లోంచి వాగు దారికి అడ్డంగా తనే పోసిన పాత మట్టి తీయడం మొదలుపెట్టాడు. నడుం పట్టేసినా ఒప్పుకోడు.

వాగుకి దాని చోటు వదిలేయడం కన్నా చవకైన రక్షణ లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ మాట ఎంతమందికి చెప్పానో, పిన్ని చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఇక మీకో సలహా. వాగు పక్కన ఇల్లుంటే పాలసీ వానలకి ముందే తీసుకోండి, ఇంట్లో సామాను కూడా అందులో చేరిందో లేదో అడిగి తెలుసుకోండి.

మొన్న రాత్రి అక్కడ పెద్దవాన. కంగారుగా ఫోన్ చేస్తే పిన్ని నవ్వుతోంది. పెరడు నిండిందట, నీళ్ళు రెండిళ్ళ మెట్ల దాకా వచ్చాయట. వెనక నుంచి బాబాయి గొంతు వినిపించింది, పక్కింటికి కేకేస్తున్నాడు: "దీదీ, ఆప్ సో జావో! అభీ హమారా షిఫ్ట్ హై!"

మీరు పడుకోండి, ఇప్పుడు షిఫ్టు మాది.